వెనక బస్సు ఖాళీగా వస్తోంది

తాడు లేకుండా, కొక్కెం లేకుండా, మైలు దూరంలో ఉన్న బస్సును ఒక మనిషి తన దగ్గరికి లాక్కున్నాడు. అదీ ఉన్నచోట నిలబడి. చెయ్యి కూడా చాపలేదు.

నవ్వకండి. లాక్కున్నాడనడంలో కాస్త అతి ఉందని ఒప్పుకోక తప్పదు. బస్సుకు ఇంజనుంది, చక్రాలున్నాయి, నడపడానికి మనిషుంది. అది తనంతట తానే వచ్చింది. కాకపోతే రావలసినదానికంటే ముందు వచ్చింది, అలా రావడానికి కారణం ఈ మనిషి నిలబడి ఉండటమే. ఇక్కడ ఒకడు కదలకపోవడం వల్ల అక్కడెక్కడో ఉన్నది కదిలి దగ్గరికొస్తే, దాన్ని లాగడమనక ఏమంటారు? మైలు మాత్రం కాకపోవచ్చు. ముప్పాతిక మైలనుకోండి. అంతకన్నా తగ్గించడం కుదరదు.

ఆ మనిషి ఊళ్ళో అన్నిటికన్నా పొడవైన రూటులో కండక్టరు. డిపోలో అందరూ ఆయన్ని ‘గడియారం’ అని పిలిచేవాళ్ళు. ఎక్కేవాడి రెండో కాలు ఇంకా నేల మీద ఉండగానే గంట తాడు రెండుసార్లు లాగేవాడు. పరుగెత్తుకొచ్చేవాళ్ళ కోసం ఆగడం ఆయన జాతకంలోనే లేదు. “ఒక్క నిమిషం, నాయనా!” అని ఎవరైనా కేకేస్తే, “నిమిషాలు నావి కావమ్మా, కంపెనీవి” అనేవాడు. ఒకసారి సొంత అక్క రెండు చేతుల్లో రెండు సంచులతో రొప్పుతూ వస్తుంటే, ఆవిడ ముఖం చూస్తూ చూస్తూనే గంట లాగేశాడు. “నా తమ్ముడికి గుండె ఉండాల్సిన చోట టైంటేబుల్ ఉంది” అని ఆవిడ వీధి వీధినా చెప్పుకుంది. ఆయన వినీ విననట్టు ఊరుకున్నాడు. నలభై దాటినా పెళ్ళి కాలేదు. అడిగినవాళ్ళకి, “ఖాళీ ఎక్కడుంది?” అనేవాడు. నిజానికి ఆయన జీవితంలో ఉన్నదల్లా ఖాళీయే, కానీ ఆ సంగతి అప్పటికి ఆయనకు తెలియదు.

ఆ రూటుకి ఒక చివర సబ్బుల ఫ్యాక్టరీ, ఇంకో చివర పెద్దాసుపత్రి, నడుమ నది మీద వంతెన. ఫ్యాక్టరీ పక్కన ఒక డిపో, ఆసుపత్రి పక్కన ఒక డిపో. బస్సులు ఒకటి విడిచి ఒకటి, ఒకటి ఈ డిపోది, తరవాతది ఆ డిపోది. గడియారంది ఫ్యాక్టరీ డిపో. ఆయన వెనక వచ్చే బస్సు ఎప్పుడూ ఆసుపత్రి డిపోదే. ఆ బస్సువాళ్ళు డ్యూటీ ఎక్కేది ఆ చివర, దిగేది ఆ చివర. రోజంతా ఒకే దారిలో తిరుగుతారు, ఒకే గుంతలో పడి లేస్తారు, ఒకే ముసలమ్మ చేత తిట్లు తింటారు. అయినా ఒకరి పక్కన ఒకరు నిలబడి మంచినీళ్ళు తాగరు. ముందు బస్సు చివరి స్టాపు నుంచి బయల్దేరాకే వెనక బస్సు అక్కడికి చేరాలి. రూలు అది.

ఒక మధ్యాహ్నం వంతెన దాటాక గడియారం బస్సు పొగలు కక్కి ఆగిపోయింది. దాన్ని నడిపేది బాబాయ్. ఎవరికి బాబాయో ఎవరికీ తెలీదు గానీ డిపో మొత్తానికి ఆయన బాబాయే. దిగి, బానెట్టు ఎత్తి లోపలికి చూసి, ఆశ వదులుకోమని చెప్పే డాక్టరులా పెదవి విరిచాడు. జనాన్ని వెనక వచ్చిన బస్సులోకి ఎక్కించారు. డిపోకి కబురు చెప్పాలి కనక గడియారం కూడా అందులోనే ఎక్కాడు. లోపల వేలు దూరే సందు లేదు. డ్రైవరు సీటు పక్కన, ఇంజను మూత మీద కూర్చున్నాడు.

ఆ బస్సు నడిపేది ఒకావిడ. మోచేతుల పైదాకా మడిచిన ఖాకీ చొక్కా, చెదరని ముడి, స్టీరింగు పట్టి పట్టి గట్టిపడ్డ అరచేతులు. పక్కకి చూడకుండానే, “కింద అట్టముక్క వేసుకోండి, మూత కాలుతుంది. లేకపోతే రేపు నిలబడి డ్యూటీ చెయ్యాలి” అంది.

“రోజూ నిలబడే కదండీ చేసేది.”

“అయితే మరేం భయం లేదు. కాల్చుకోండి.”

గడియారం అట్టముక్క వేసుకున్నాడు. అద్దం ముందు ఒక నారింజపండు అటూ ఇటూ దొర్లుతోంది. ఎర్ర లైటు పడింది. ఆవిడ పండు తీసి, తొక్క ఒలిచి, ఒక తొన ఆయన చేతిలో పెట్టింది. పచ్చ లైటు పడగానే మళ్ళీ చేతులు స్టీరింగు మీదికి వెళ్ళాయి. తరవాతి ఎర్ర లైటు దగ్గర ఇంకో తొన. ఆ దారిలో సిగ్నళ్ళు ఎక్కువని ఊరంతా తిట్టుకుంటుంది. ఆ రోజు గడియారానికి తక్కువనిపించాయి. పండు సగం మిగిలుండగానే ఫ్యాక్టరీ వచ్చేసింది. మిగిలిన సగం ఆవిడ ఒక్కతే తిందా, ఎవరికైనా ఇచ్చిందా అన్నది ఆయన చాలాకాలం ఆలోచించాడు.

ఆ మర్నాటి నుంచి గడియారానికి ముందు చూపు పోయి వెనక చూపు వచ్చింది. పొద్దున్నే తన సొంత రుమాలుతో బస్సు వెనక అద్దం తుడిచేవాడు. “అద్దం అరిగిపోతుందండోయ్” అని బస్సులు కడిగేవాళ్ళు నవ్వేవాళ్ళు. ఎంత తుడిచినా వెనక బస్సు కనిపించదు. రెండు బస్సుల మధ్య దూరం అలా కొలిచి పెట్టారు మరి. కనిపించేది ఒక్క చోటే. చివరి స్టాపు నుంచి తన బస్సు తిరిగి బయల్దేరినప్పుడు ఆవిడ బస్సు ఎదురొచ్చేది. రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకున్నట్టు దాటేవి. అప్పుడు ఆవిడ స్టీరింగు మీంచి ఒక వేలు లేపేది. డ్రైవర్లందరూ ఎదురొచ్చే బస్సుకి అలాగే లేపుతారు. అది పలకరింపో అలవాటో తేల్చడానికి ఒక్క వేలు చాలదు. గడియారం మాత్రం ఆ వేలి కోసం కిటికీ పక్కకి జరిగి నిలబడేవాడు. అది దాటిపోయాక మళ్ళీ అవతలి చివర దాకా ఎదురుచూపే.

అక్క కనిపెట్టేసింది. “ఏరా, ఈ మధ్య అన్నంలో వేలు పెట్టుకుని గోడకేసి చూస్తున్నావు. గోడ మీద ఏ రూటు బస్సొస్తోంది?”

చెప్పక తప్పలేదు. అక్క అంతా విని, “దానికేం, ఫోను చేసి అడుగు” అంది.

“నంబరు లేదు.”

“కనుక్కో.”

“కనుక్కుని అడిగితే ‘ఊఁ’ అంటుందనుకో. ఆ ‘ఊఁ’ ఏ ‘ఊఁ’నో ముఖం చూడకుండా ఎలా తెలుస్తుందే?”

“ఓరి నీ అసాధ్యం కూలా! అయితే ముఖం చూసే అడుగు. నెల మారితే మీ డ్యూటీ చార్టు మారుతుందిగా?”

ఆ మాట గడియారం గుండెలో దిగబడింది. కొత్త చార్టు అప్పటికే గోడకెక్కింది. డ్రైవరమ్మని ఊరి అవతలి రింగు రోడ్డుకి వేశారు. నెల తిరిగితే ఆ ఒక్క వేలు కూడా ఉండదు. ఈలోపు ఒక్కసారి, పక్కపక్కన నిలబడి, ఒక్క ప్రశ్న అడగాలి. తనతో ఉంటుందా, ఉండదా.

దారి చూపినవాడు చార్టుసారు. అదీ తెలియక. చార్టుసారంటే వంతెన దగ్గర గూడులాంటి గదిలో కూర్చుని, బస్సుల మధ్య ఎడం చూసుకునే కంట్రోలరు. ఒక రోజు వేరే రెండు బస్సులు ఒకదాని తోక ఒకటి పట్టుకుని వచ్చాయి. ఆయన బయటికొచ్చి, అక్కడున్న వాళ్ళందరినీ నిలబెట్టి వాయించాడు. గడియారం కూడా అక్కడే ఉన్నాడు.

“ముందు బస్సు ఒక స్టాపులో ఒక్క క్షణం ఎక్కువ ఆగితే ఏమవుతుంది?”

“ఒక్క క్షణం ఆలస్యమవుతుంది సార్” అన్నాడు ఎవరో.

“నీ మొహం! అంతే అయితే నేను హాయిగా నిద్రపోయేవాణ్ణి. ఆ క్షణంలో తరవాతి స్టాపులోకి ఇంకో ఇద్దరొచ్చి నిలబడతారు. ఆ ఇద్దరూ ఎక్కేసరికి ఇంకో రెండు క్షణాలు పోతాయి. ఆ రెండు క్షణాల్లో ఆపై స్టాపులో నలుగురు. ముందు బస్సు తిని తిని లావైపోతుంది. మరి వెనకది? దానికి మిగిలేదేముంది? ముందుది ఊడ్చుకుపోయాక ఎక్కేవాళ్ళు లేరు, దిగేవాళ్ళు లేరు. ఆగే పనే లేక చిక్కిపోయి పరుగెడుతుంది. లావుది నడుస్తుంది, బక్కది పరుగెడుతుంది, చివరికి పెళ్ళివాళ్ళలా కలిసి ఊరేగుతాయి. ఒక్క క్షణమయ్యా! ఒక్క క్షణం ఆగినందుకు!”

ఎండలో గంటలసేపు నిలబడ్డాక రెండు బస్సులు ఒకేసారి వస్తే, డ్రైవర్లు ఎక్కడో చెట్టుకింద కబుర్లాడుకుని బయల్దేరారని మనమంతా తిట్టుకుంటాం. కుట్రేమీ లేదు, లెక్క. ఎవరూ వెయ్యకుండానే రోడ్డు తనకు తాను వేసుకునే లెక్క. ఆలస్యమంటే పోయిన కాలమని, పోయింది పోయినంతే ఉంటుందని గడియారం అనుకునేవాడు. అది గుప్పెడు పిండిలా పెట్టినచోట పులిసి పొంగుతుందని ఆ రోజే తెలిసింది. చార్టుసారు జబ్బు గురించి చెప్పాడు. గడియారం దాన్ని మందుగా విన్నాడు.

మర్నాడు ఫ్యాక్టరీ స్టాపులో, పరుగెత్తుకొస్తున్న ఒక మనిషి కోసం గడియారం బస్సు ఆపించాడు. ఆ మనిషి నమ్మలేక పరుగు మానేసి నిలబడిపోయాడు. “రండి, రండి, నిదానంగా రండి” అన్నాడు గడియారం. ఆ మనిషి ఎక్కి, తన సీటు కింద ఏమైనా ఉందేమోనని చూసుకుని మరీ కూర్చున్నాడు. ముసలమ్మలకి చెయ్యందించాడు. చంటిపిల్లల్ని ఎత్తుకుని దింపాడు. దారి అడిగినవాళ్ళకి మలుపు మలుపునా గుర్తులతో సహా చెప్పాడు. “పాపం, ఒంట్లో బాలేదేమో” అని జనం గుసగుసలు పోయారు. వంతెన చేరేసరికి బస్సు మెట్ల మీద కూడా మనుషులే.

“ఒరే అబ్బాయ్,” అని ముందునుంచి కేకేశాడు బాబాయ్, “బస్సు నడిపిస్తున్నావా, నిద్రపుచ్చుతున్నావా?”

గడియారం జనం భుజాల మీంచి మెడ సాచి వెనక అద్దంలోకి చూస్తున్నాడు. రోడ్డు చివర ఎర్రగా, వేలిగోరంత, ఆవిడ బస్సు ముఖం కనిపించింది. అది అరచేతంతయింది. ఇంకో స్టాపు దాటితే కిటికీ అంతవుతుంది.

అక్కడ అది ఆగిపోయింది. ఎక్కేవాడు లేడు, దిగేవాడు లేడు, అయినా స్టాపులో ఆగి అలాగే ఉండిపోయింది. ఆయన బస్సు ముందుకు పోయింది. అరచేయి మళ్ళీ వేలిగోరయింది, తరవాత అదీ లేదు.

ఆ రోజే కాదు, ప్రయత్నించిన ప్రతిసారీ అంతే. దగ్గరపడినట్టే పడి, ముఖం ఆనవాలు తెలిసే ముందు ఆవిడ ఆగిపోయేది. తమాషా ఏమిటంటే చార్టుసారు భుజం తట్టి మెచ్చుకున్నాడు. “మీ రెండు బస్సులూ ఆలస్యమే. కానీ మధ్య ఎడం చూడు, గీత గీసినట్టుంది!”

మెప్పు గడియారానికి రుచించలేదు. ఆసుపత్రి చివర, బయల్దేరే ముందు, బాబాయ్‌ని అడిగాడు. “ఆవిడ ఎందుకాగుతోంది బాబాయ్?”

“మంచి డ్రైవరు కనక. ముందు బస్సు కనిపిస్తే వెనకది తగ్గాలి. నేర్పేటప్పుడే చెప్తారు.”

“అంతేనా? నన్ను చూసి తగ్గుతోందా?”

“నువ్వు ఇంత పొడుగు బస్సులో వెనకెక్కడో జనంలో ఇరుక్కుని ఉంటావు. నిన్ను చూడటానికి ఆవిడకి దుర్భిణీ ఉందా ఏంట్రా?”

అది ఓదార్పో ఎగతాళో తెలీలేదు. ఆ ట్రిప్పులో ఎదురుపడినప్పుడు ఆవిడ లేపిన వేలు ఆయనకు వద్దని అడ్డంగా ఊపిన వేలులా కనిపించింది.

దీనికి వేరేవాళ్ళు మూల్యం కడుతున్నారు. ముందున్న స్టాపుల్లో జనం నిలబడి నిలబడి కాళ్ళు మార్చుకుంటున్నారు. ఆసుపత్రిలో ఆయాగా చేసే ఒకావిడ రోజూ ఆ బస్సే ఎక్కేది. ఒకరోజు దిగుతూ దిగుతూ అంది, “నాయనా, ఇదివరకు నువ్వు రాక్షసుడివి, కానీ టైముకి చేర్చేవాడివి. ఇప్పుడు దేవుడివైపోయావు. నా ఉద్యోగం పోయేట్టుంది.”

గడియారం సిగ్గుపడ్డాడు. ఆ తరవాత కొన్నాళ్ళు మళ్ళీ పాత గడియారమే. రెండో కాలు లేవకముందే గంట. వెనక అద్దంలో మళ్ళీ ఉత్త రోడ్డు. ఎంత రోడ్డు! ఊళ్ళో ఇంత రోడ్డుందని ఆయనకు అంతకుముందు తెలీదు. ఇంటికెళ్తే అక్క ఏమీ అడగకుండా కంచం పెట్టేది. అడగకపోవడమే ఎక్కువ బాధగా ఉండేది.

నెలాఖరు రోజు వచ్చింది. పొద్దున ఇంట్లోంచి బయల్దేరుతుంటే అక్క చొక్కా కాలరు సరిచేసి, “నన్ను సంచులతో వదిలేసి పోయావు, అది నేను చచ్చేదాకా చెప్పుకుంటాను. దానికేం. ఇవాళ మాత్రం ఎవర్నీ వదలకు” అంది.

వదల్లేదు. ఆయా పొద్దుటి బస్సులో టైముకి చేరేదాకా ఆగి, మధ్యాహ్నం ట్రిప్పులో ఫ్యాక్టరీ దగ్గర మొదలుపెట్టాడు. ఆ రోజు అదృష్టం కూడా చెయ్యేసింది. కుట్టుమిషను మోసుకుంటూ ఒక దర్జీ ఎక్కాడు. మిషను తల ముందు ద్వారంలో, కాళ్ళు వెనక ద్వారంలో, దర్జీ మధ్యలో. ఆ మిషను సర్దేసరికి తరవాతి స్టాపులో జనం కూడారు. వాళ్ళెక్కేసరికి ఆపై స్టాపులో మరింతమంది. ఇక గడియారం చెయ్యవలసిందేమీ లేకపోయింది. ఆలస్యం తన కాళ్ళ మీద తాను నడుస్తోంది. బస్సు ఉబ్బి ఉబ్బి ఒక పక్కకి ఒరిగింది.

“కాలు పెట్టే చోటు లేదండీ! వెనక బస్సు ఖాళీగా వస్తోంది, దాంట్లో రండి!”

“ప్రతి కండక్టరూ అదే అంటాడు” అంది మెట్టు మీద వేలాడుతున్న ఒక పెద్దావిడ. “నా పెళ్ళినాటి నుంచీ వింటున్నాను. ఆ ఖాళీ బస్సుని ఒక్కనాడూ కళ్ళ చూడలేదు.”

“అదుగో చూడండమ్మా” అన్నాడు గడియారం.

వేలిగోరు. అరచెయ్యి. కిటికీ. ఈసారి ఆగలేదు. స్టాపుల్లో ఎవరూ మిగల్లేదు కనక ఎక్కడా బ్రేకు మీద కాలు పెట్టకుండా వస్తోంది. అద్దం వెనక ఖాకీ చొక్కా, ముడి, చివరికి ముఖం. ఆవిడ ఆయన్ని చూసింది. నవ్విందో ఎండకి కళ్ళు చికిలించిందో గానీ, చూసింది.

అంతలో ఆవిడ స్టీరింగు పక్కకి తిప్పి, గడియారం బస్సుని దాటేసి ముందుకు వెళ్ళిపోయింది.

గడియారం నిర్ఘాంతపోయాడు. “బాబాయ్! దాటేసింది!”

“దాటదా మరి? నిండు బస్సు వెనక ఖాళీ బస్సు నిలబడి కాపలా కాస్తుందా? ముందుకెళ్ళి మిగతా జనాన్ని ఎక్కించుకోవాలి. అదీ రూలే.”

ఇన్నాళ్ళూ వెనక్కి చూసి చూసి మెడ పట్టేసిన మనిషి, ఇప్పుడు జనాన్ని తోసుకుంటూ ముందుకు పరుగెత్తాడు. కానీ తరవాతి స్టాపులో జనం ఆవిడ బస్సుకి అడ్డంపడి ఎక్కారు. ఆవిడ ఆగింది, బాబాయ్ దాటాడు. ఆపై స్టాపులో బాబాయ్ ఆగాడు, ఆవిడ దాటింది. వంగుళ్ళు దూకుళ్ళు ఆడే పిల్లల్లా, ఒకర్నొకరు దాటుకుంటూ, రెండు బస్సులూ వంతెన దాటాయి. దాటిన ప్రతిసారీ ఆవిడ కిటికీ ఆయన కిటికీ పక్కనుంచి జారిపోయేది. మొదటిసారి ఒక వేలు లేచింది. తరవాత అరచెయ్యి. ఆ తరవాత నుంచి ఆవిడ మనసారా నవ్వింది. బస్సులో దర్జీ కూడా చెయ్యి ఊపాడు, ఎందుకో తెలియకపోయినా.

ఆసుపత్రి చివర రెండు బస్సులూ పక్కపక్కన ఆగాయి. గడియారం దిగి ఆవిడ కిటికీ కింద నిలబడ్డాడు.

“ఇన్నాళ్ళూ మీరు ఆగిపోయేవారు” అన్నాడు. అడగాలనుకున్నది అది కాదు.

“మీరు ఆలస్యంగా నడుస్తున్నారని గమనించాను. నేను వెనకాలే వచ్చి తగిలితే మీది ఆలస్యమని అందరికీ తెలిసిపోతుంది, మీకు మెమో వస్తుంది. నేనూ ఆగితే మధ్య ఎడం సరిపోతుంది, ఎవరూ అడగరు.” ఆవిడ స్టీరింగుని అరచేత్తో నిమిరింది. “మీకోసమే ఆగాను.”

“నేనూ మీకోసమే ఆగాను” అన్నాడు గడియారం.

ఒకరి కోసం ఒకరు సరిసమానంగా ఆగితే దూరం ఎంతదంత అలాగే ఉంటుందని ఇద్దరికీ ఒకేసారి అర్థమైనట్టుంది.

“మరి ఇవాళ?”

“ఇవాళ చివరి రోజు కదా. మెమో వస్తే రానీ అనుకున్నాను.”

అప్పుడే మోటారుసైకిలు చప్పుడు. వంతెన దగ్గర్నుంచి తరుముకుంటూ చార్టుసారు వచ్చాడు. హెల్మెట్టు ఒక చెవి మీదికి జారింది. “రెండు బస్సులు కలిసి ఊరేగింపా! నా చార్టు చింపి నా నెత్తిన వెయ్యండి, సరిపోతుంది! డ్రైవరమ్మా, ముందు నువ్వు కదులు, ఇప్పుడే. గడియారం, నువ్వు వెనక. పూర్తి ఎడం వచ్చేదాకా నీ చక్రం తిరిగిందంటే చూడు!”

ఆవిడ ఇంజను స్టార్టు చేసింది. గడియారం కిటికీ అంచు పట్టుకున్నాడు. ఇంత పెద్ద మాట ఇంత చప్పుడులో అడగవలసి వస్తుందనుకోలేదు.

“నాతో ఉంటారా? రింగు రోడ్డుకి పోయినా, ఎక్కడికి పోయినా, డ్యూటీ దిగాక మా ఇంటికి వస్తారా? ఎప్పటికీ?”

చార్టుసారు బస్సు ఒంటి మీద అరచేత్తో దబదబా బాదాడు. “కదలమ్మా!”

ఆవిడ గేరు వేసింది. “నా వెనకాలేగా వస్తున్నారు. దారిలో తెలుస్తుంది” అంది. బస్సు వెళ్ళిపోయింది.

చార్టుసారు గడియారం బస్సుని పట్టుకుని వదల్లేదు. వదిలేటప్పటికి ఎండ పల్చబడింది. ఆవిడ ఎక్కడుందో కనిపించదు. దారిలో ఏం తెలుస్తుంది? ఏదైనా కాగితం విసిరేసి వెళ్తుందా? ఎవరితోనైనా కబురంపుతుందా? గడియారం ముందు మెట్టు మీద నిలబడి రోడ్డంతా వెతికాడు.

మొదటి స్టాపులో మామూలు జనమే. ఎక్కారు. ఎవరి దగ్గరా కబురు లేదు. రెండో స్టాపులోనూ దాదాపు అంతే. ఒకరిద్దరు తక్కువేమో. గడియారం మనసు కుంగిపోయింది.

మూడో స్టాపులో బాబాయ్ గొణిగాడు. “ఏంట్రా, ఈ వేళప్పుడు ఇక్కడ తోసుకుంటారు. ఇవాళ ఐదారుగురే?”

గడియారం చెయ్యి గంట తాడు మీద ఆగిపోయింది. ముందు బస్సు టైముకి వెళ్ళి ఉంటే, ఆ తరవాత వచ్చినవాళ్ళంతా ఇక్కడే ఉండాలి. వాళ్ళు లేరంటే, వాళ్ళు కూడా వచ్చి ఎక్కేదాకా ముందు బస్సు ఆగిందన్నమాట. పరుగెత్తుకొచ్చేవాళ్ళ కోసం ఆగి ఉంటుంది. ముసలమ్మల కోసం ఆగి ఉంటుంది. ఎవరూ లేకపోయినా ఆగి ఉంటుంది. అయినా ఐదారుగురు ఐదారుగురే. నిజం కావచ్చు, ఆశ కావచ్చు. ఆయన తాడు లాగాడు.

తరవాతి స్టాపులో ఇద్దరు. ఆపై దాంట్లో ఒకే ఒక్కడు, వాడూ బస్సు కోసం కాదు, చెప్పు తెగి కూర్చున్నాడు. గడియారం వాణ్ణి, “మీరు ఎక్కరు కదా? నిజంగా ఎక్కరు కదా?” అని అడిగాడు. వాడు ఎగాదిగా చూసి, “ఎక్కనంటున్నాగా” అన్నాడు. ఆ మాట విని అంత సంతోషించిన కండక్టరు భూమ్మీద ఇంకొకడుండడు.

వంతెన ముందు కూరగాయల మార్కెట్టు స్టాపు. ఊళ్ళో మనుషులంతా ఒకరి మీద ఒకరు పడి ఎక్కే చోటు. బుట్టలు, గోనెలు, బేరాలు, మోచేతులు. గడియారం తన ఉద్యోగమంతా ఆ స్టాపుని తిట్టుకున్నాడు. మలుపు తిరగ్గానే కళ్ళు మూసుకున్నాడు.

తెరిస్తే, బెంచీ ఖాళీగా ఉంది. నేల మీద నలిగిన క్యాబేజీ ఆకులున్నాయి. ఒక బుట్ట అడుగున ఒత్తుకున్న గుండ్రటి తడి మరక ఉంది. ఒక్క మనిషి లేడు. అంత అందమైన ఖాళీని ఆయన జన్మలో చూడలేదు.

“ఇక్కడ ఆపనా, పోనివ్వనా?” అన్నాడు బాబాయ్, గొంతు తగ్గించి.

“పోనివ్వు బాబాయ్. పోనివ్వు.”

వంతెన మొదట్లో ఆవిడ బస్సు నిలబడి ఉంది. కిక్కిరిసి, ఒక పక్కకి ఒరిగి. ఎక్కేవాళ్ళెవరూ లేరు. తలుపులు రెండూ తెరిచే ఉన్నాయి.

ఏళ్ళు గడిచాక, ఈ కథంతా పూస గుచ్చినట్టు గడియారానికి నేను చదివి వినిపిస్తే, ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని అన్నాడు:

“ఇందులో ఒక్క ముక్క నిజం లేదు. మార్కెట్టు స్టాపులో జనం లేకపోవడమా? అలాంటి రోజు నేను పుట్టాక లేదు. బస్సు ఆలస్యం చెయ్యడం నాకు చేతకాదు. డ్రైవరమ్మా లేదు, గీవరమ్మా లేదు. అసలు నా వెనక బస్సే ఉండేది కాదు. నాదే ఆఖరి బస్సు.”